మాటల్లేని ఇళ్ళు: అన్నదమ్ముల ఎడం మూడో తరానికి ఎలా చేరుతుంది?

ఫోన్ తెరిస్తే రెండు రకాల సలహాలు ఎదురవుతున్నాయి. ఒక వీడియోలో ఎవరో కౌన్సెలర్ "మీ మనశ్శాంతి పాడుచేసేవాళ్ళు అమ్మానాన్నలైనా సరే, కట్ చేసేయండి" అంటారు. అది అయిపోయేలోపే కుటుంబం గ్రూపులో ఒక పెద్దాయన "రక్తసంబంధం తెంచుకున్నవాడు బాగుపడడు" అన్న మెసేజ్ ఫార్వర్డ్ చేస్తారు. ఇటు నెల్లూరు, ఒంగోలు కలెక్టరేట్లలో సోమవారం గ్రీవెన్స్‌కు వచ్చే అర్జీలు చూస్తే, ఆస్తి రాయించుకుని కొడుకులు అన్నం పెట్టడం లేదని మొరపెట్టుకునే ముసలివాళ్ళు కనిపిస్తూనే ఉంటారు.

మొదటి మాట తనను తాను కాపాడుకోవడం గురించి, రెండోది కట్టుబాటు గురించి, మూడోది అన్నం గురించి. వీటి మధ్య ఒక ప్రశ్న నలిగిపోతోంది. ఎప్పుడో ఇద్దరి మధ్య వచ్చిన మాటపట్టింపు, ఆనాటికి పుట్టని పిల్లల దాకా ఎలా వస్తుంది? అది ఆగిందని ఎప్పుడు అనుకోవచ్చు?

దూరంగా ఉండటం, తెగిపోవడం, తెగినదాన్ని మోయడం

కనిగిరి, పామూరు వైపు నుంచి బేల్దారి (తాపీ) పనికి హైదరాబాద్, బెంగళూరు వెళ్ళిన కుటుంబాలు ఎన్నో. అన్న ఒక ఊళ్ళో, తమ్ముడు ఒక ఊళ్ళో. పండక్కి కలిస్తే కలిసినట్టు, లేకపోతే లేదు. ఇది దూరమే, ఇందులో అలక లేదు. ఎవరికైనా బాగాలేదని ఫోన్ వస్తే రాత్రి బస్సెక్కుతారు.

తెగిపోవడం ఇలా ఉండదు. ఒకే వీధిలో ఉంటారు, ఒకే బోరు నీళ్ళు వాడతారు, ఎదురుపడితే తల తిప్పుకుంటారు. "వాళ్ళకీ మాకూ మాటల్లేవు" అని నలుగురికీ తెలిసేలా చెబుతారు. ఇక్కడ కనీసం కారణం ఉంటుంది. అన్నవాళ్ళు, పడ్డవాళ్ళు బతికే ఉంటారు.

మూడోదే అసలు చిక్కు. గొడవ జరిగిన రోజు అక్కడ లేనివాళ్ళు, ఆ నియమాన్ని మాత్రం పాటిస్తుంటారు. కారణం అడిగితే సరిగా చెప్పలేరు. "ఏదో పొలం దగ్గరట", "పెళ్ళికి పిలవలేదట" అంటారు. ఆ 'అట' వినిపించిందంటే ఎడం వారసత్వంగా మారిందని అర్థం.

ఇది మన దగ్గరే ఉన్న జబ్బేమీ కాదు. అమెరికాలో కార్నెల్ యూనివర్సిటీకి చెందిన కార్ల్ పిల్లెమర్ 1,300 మందికి పైగా పెద్దవాళ్ళను సర్వే చేసి 2020లో వివరాలు బయటపెట్టారు. కుటుంబంలో ఎవరో ఒకరితో తెగిపోయి ఉన్నామని 27 శాతం మంది చెప్పారు. అయితే అక్కడి కుటుంబం చిన్నది. మనకు పెదనాయన పిల్లలూ అన్నాచెల్లెళ్ళే, మేనమామ లేకపోతే పెళ్ళి తంతే కుంటుపడుతుంది. కాబట్టి ఇక్కడ ఒక తెంపు చాలా మందికి తగులుతుంది.

ఆరెకరాలు, ఒక బ్యారన్, ఒక కార్డు

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఇది ఏ ఒక్క ఇంటి కథా కాదు, ఈ ప్రాంతంలో తరచూ వినే సంగతులన్నీ కలిపి అల్లింది.

కందుకూరు దగ్గర పొగాకు పండించే ఊరు. ఆరెకరాల పిత్రార్జితం, ఒక బ్యారన్ (పొగాకు ఆకు కాల్చే కొట్టం). ఇద్దరు అన్నదమ్ములు, ఒక చెల్లెలు. చెల్లెలికి 1981లో పెళ్ళయింది. 1987లో పెద్దమనుషులు కూర్చుని పంపకాలు చేసి, కాగితం మీద పారీకత్తు రాశారు. రిజిస్టర్ చేయించలేదు. చెరో మూడెకరాలు. బ్యారన్ అన్నకు, దాని విలువలో సగం డబ్బు తమ్ముడికి, పొగాకు అమ్మగానే ఇవ్వాలి. ఆ ఏడు వాళ్ళ పొగాకు అనుకున్న ధరకు పోలేదు. డబ్బు ఆలస్యమైంది.

మరుసటి ఏడు తమ్ముడి కూతురికి ఓణీల వేడుక. ఊరందరినీ బొట్టు పెట్టి పిలిచి, అన్న ఇంటికి మాత్రం కార్డు పాలేరు చేతికిచ్చి పంపారు. అన్న వెళ్ళలేదు. ఆయన భార్య ఆ కార్డును బియ్యం డబ్బాలో దాచిపెట్టింది. ఎవరైనా రాజీ మాట ఎత్తితే తీసి చూపించేది. రెండేళ్ళకు బ్యారన్ డబ్బు వడ్డీతో సహా తీరిపోయింది, మాటలు మాత్రం కలవలేదు. బాకీ తీరినంత సులువుగా అవమానం తీరదు, ఎందుకంటే దానికి ఫలానా ఇంత అని ఎవరూ లెక్క కట్టరు.

ఆ రోజుల్లోనే అన్న కొడుకు, పదేళ్ళవాడు, బడి నుంచి వస్తూ చిన్నాయన వాళ్ళింట్లో మజ్జిగ తాగి వచ్చాడు. తల్లి ఏమీ అనలేదు. రాత్రి మాత్రం కంచంలో అన్నం తాను పెట్టకుండా, గరిటె అన్నం గిన్నెలో వదిలేసి పెరట్లోకి వెళ్ళిపోయింది. వాడే పెట్టుకుని తిన్నాడు. ఆ గుమ్మం మళ్ళీ తొక్కలేదు. వెళ్ళొద్దని వాడికి ఎవరూ చెప్పలేదు.

వారసత్వం చేతులు మారేది ఇలాంటి పూటే. పెద్ద గొడవల్ని పిల్లలు మర్చిపోతారు. అమ్మ ముఖం ఎప్పుడు ముడుచుకుంటుందో, నాన్న ఏ పేరు వినగానే టీవీ సౌండ్ పెంచుతాడో మర్చిపోరు.

మనస్తత్వ శాస్త్రం దీన్ని ఎలా చూసింది?

ముర్రే బోవెన్ (1913-1990) అనే అమెరికన్ సైకియాట్రిస్టు రోగిని ఒక్కడినే చూడకుండా మొత్తం కుటుంబాన్ని ఒక యంత్రాంగంగా చూడాలన్నారు. ఆయన చెప్పిన రెండు సంగతులు మన ఉదాహరణకు సరిగ్గా సరిపోతాయి.

మొదటిది త్రికోణం. ఇద్దరి మధ్య టెన్షన్ భరించలేనంత పెరిగితే మూడో మనిషిని మధ్యలోకి లాగుతారు. పంపకాల తర్వాత ముసలి తల్లిదండ్రులు నెల వంతున చెరో ఇంట్లో తినేవారు. అన్న ఇంట్లో ఉన్న నెల తమ్ముడి సంగతులు, తమ్ముడి ఇంట్లో ఉన్న నెల అన్న సంగతులు వాళ్ళ ద్వారానే చేరేవి. పాపం, ఆ ముసలామె కబురు మోయకపోతే "నీకు వాళ్ళే ఎక్కువ" అనేవారు, మోస్తే "నువ్వే చిచ్చు పెడుతున్నావు" అనేవారు.

రెండోది భావపరమైన తెగతెంపులు. 1970ల నడుమ బోవెన్ తన సిద్ధాంతంలో దీన్ని చేర్చారు. మాటలు మానేస్తే గొడవ తీరినట్టు అనిపిస్తుంది, నిజానికి అది ఉన్నచోటే ఉండి వేరే బంధాల మీద బరువు వేస్తుందన్నది ఆయన వాదన. తమ్ముడితో తెగిన మనిషి కొడుకును మరీ గట్టిగా పట్టుకుంటాడు. ఆ పట్టు భరించలేక కొడుకూ ఒకరోజు తెంచుకుంటాడు. తరం మారినా పద్ధతి అదే.

హంగరీలో పుట్టి అమెరికాలో పనిచేసిన ఇవాన్ బోస్జోర్మెన్యీ-నాజ్ దీనికి ఇంకొక కోణం చేర్చారు. ప్రతి ఇంట్లో కనిపించని ఖాతా పుస్తకం ఒకటి ఉంటుందని, ఎవరు ఎవరికి ఎంత చేశారో, ఎవరికి అన్యాయం జరిగిందో అందులో రాసి ఉంటుందని, పిల్లలు తెలియకుండానే అమ్మానాన్నల పద్దులు తీర్చబోతారని ఆయన అన్నారు. మజ్జిగ తాగిన పిల్లవాడు చిన్నాయనను ద్వేషించలేదు, అమ్మ పక్షాన నిలిచాడు. బయటికి అది పగలా కనిపిస్తుంది, లోపల ఉన్నది ప్రేమ. ఇది అర్థమైతే "మీకెందుకురా ఈ పట్టింపులు" అని పిల్లల్ని కసురుకోవడం ఎందుకు పనిచేయదో తెలుస్తుంది.

పగ జన్యువుల్లో వస్తుందని ఈమధ్య చాలా వీడియోలు చెబుతున్నాయి. యూదుల నరమేధం నుంచి బయటపడినవారి మీద, వారి పిల్లల మీద జరిగిన పరిశోధనలను అందుకు చూపిస్తారు. అవి కొన్ని పదుల మందిని చూసిన చిన్న అధ్యయనాలు, శాస్త్రవేత్తల మధ్యే వాటి మీద వాదం ఉంది. పైగా అవి ఘోరమైన హింస గురించినవి. అన్నదమ్ముల మాటపట్టింపును వివరించడానికి అంత దూరం వెళ్ళనక్కర్లేదు, భోజనాల వేళ చాలు.

మేనరికం, మైల, బొట్టు: మన బంధుత్వం వేసే ముడులు

దక్షిణాదిలో మేనరికాలు ఎక్కువ. అక్క కూతుర్ని తమ్ముడికో, అన్న కూతుర్ని చెల్లెలి కొడుక్కో ఇవ్వడంలో ఒక భరోసా ఉంది: పిల్ల తెలిసిన ఇంటికే వెళుతుంది, పొలం పరాయివాళ్ళ పాలు కాదు. కానీ ఆ కాపురం చెడితే భార్యాభర్తలు విడిపోవడంతో ఆగదు. అత్తగారంటే మేనత్త, మామగారంటే మేనమామ. తోడబుట్టినవాళ్ళ మధ్యే మాటలు పోతాయి. రెండు ఇళ్ళవాళ్ళు పిల్లనిచ్చి పిల్లను తెచ్చుకునే కుండమార్పిడి పెళ్ళిళ్ళలో ఇంకా కష్టం. ఇక్కడ ఒక పిల్ల పుట్టింటికొస్తే అక్కడ రెండో పిల్ల కాపురం కదులుతుంది. మేనరికం కాదన్నందుకూ ఎడం వస్తుంది. "నా కొడుక్కి నీ కూతుర్ని ఇవ్వనన్నావు" అన్న ఒక్క మాట మీద అక్కాతమ్ముళ్ళు ముప్పై ఏళ్ళు మాట్లాడుకోని ఇళ్ళు ఉన్నాయి.

మరో వైపు, పూర్తిగా తెగిపోనివ్వని ఏర్పాట్లూ మన దగ్గరే ఉన్నాయి. చావుకు పిలుపు అక్కర్లేదన్నది అందరికీ తెలిసిన నియమం. మాటలు లేకపోయినా దాయాదులకు మైల ఉంటుంది. 2009లో తండ్రి పోయినప్పుడు మన ఉదాహరణలోని అన్నదమ్ములు పక్కపక్కన కూర్చుని కర్మ చేశారు. బ్రాహ్మడు చెప్పిన మంత్రం ఇద్దరూ అన్నారు, ఒకరితో ఒకరు ఒక్క మాటా అనలేదు. పెద్దకర్మ భోజనాలు కాగానే ఎవరిదారిన వాళ్ళు పోయారు. నన్నడిగితే, ఇలాంటి రోజుల్ని మనం సరిగా వాడుకోవడం లేదు. ఆచారం ఇద్దర్నీ ఒక పీట దాకా తెచ్చి కూర్చోబెడుతుంది, ఆ తర్వాతి పని దాని చేతిలో లేదు.

పిలుపు సంగతీ అంతే. పెళ్ళికి ఇంటికొచ్చి బొట్టు పెట్టి పిలవాలి. ఇప్పుడు వాట్సాప్‌లో కార్డు వస్తోంది. కుర్రవాళ్ళకు అది చాలు, డెబ్బై ఏళ్ళ మనిషికి అది పాలేరు తెచ్చిన కార్డుతో సమానం. ఎడం ఉన్న ఇళ్ళలో ఇలాంటి తేడాలు పాత గాయం మీద పడతాయి.

ఆడపిల్ల వాటా: చట్టం మారినప్పుడు ఇంట్లో ఏమవుతుంది?

ఆస్తి చట్టం నలభై ఏళ్ళలో మెట్లు మెట్లుగా మారింది. ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళికాని ఆడపిల్లలకు పిత్రార్జితంలో కొడుకులతో సమాన హక్కు ఇచ్చింది. అప్పటికే పెళ్ళయినవాళ్ళకు వర్తించలేదు. హిందూ వారసత్వ చట్టానికి కేంద్రం చేసిన సవరణ 2005 సెప్టెంబరు 9న అమల్లోకి వచ్చి, పెళ్ళయిన కూతుళ్ళకూ ఆ హక్కు ఇచ్చింది. ఆ రోజుకి తండ్రి బతికి ఉండాలా అన్న సందేహం చాలాకాలం నడిచింది. అక్కర్లేదని 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

ఒక మినహాయింపు ఉంది. 2004 డిసెంబరు 20కి ముందు రిజిస్టరైన పంపకాలు, కోర్టు డిక్రీతో జరిగిన పంపకాలు చెల్లుతాయి. నోటిమాట పంపకాలను కోర్టులు మామూలుగా ఒప్పుకోవు, ప్రభుత్వ రికార్డుల్లాంటి గట్టి ఆధారం ఉంటే తప్ప. మన ఉదాహరణలోని పారీకత్తు రిజిస్టర్ కాలేదు. ఆ పంపకం నిలవలేదనుకుంటే లెక్క ఇలా ఉంటుంది: తల్లిదండ్రులు ఇద్దరూ పోయారు, వీలునామా లేదు, ఆరెకరాలకు ముగ్గురు పిల్లలు. తలా రెండెకరాలు.

2021లో చెల్లెలి కొడుకు ఈ తీర్పు సంగతి విని, మామలిద్దరికీ లాయర్ నోటీసు పంపాడు. అప్పుడొక విచిత్రం జరిగింది. ముప్పై మూడేళ్ళుగా మాట్లాడుకోని అన్నదమ్ములు ఒకే కారులో ఒంగోలు లాయర్ దగ్గరికి వెళ్ళారు. "ఆడపడుచు కోర్టుకెక్కిందట, వీళ్ళు కలిసిపోయారట" అని ఊరు చెప్పుకుంది. బోవెన్ మాటల్లో చెప్పాలంటే అది కలవడం కాదు, త్రికోణంలో మూడో మూల మారింది, అంతే. ఇన్నాళ్ళూ ఇద్దరి మధ్య ఉన్న కోపం ఇప్పుడు చెల్లెలి మీదికి వెళ్ళింది.

చెల్లెలి వైపు నుంచి చూస్తే ఇంకొక అన్యాయం ఉంది. పసుపు కుంకుమ కింద ఏదో ఇచ్చాం కదా అని అన్నలు అంటారు. వాటా అడిగితే పుట్టిల్లు పోతుంది, అడక్కపోతే హక్కు పోతుంది. చట్టం సమానత్వం ఇచ్చింది, దాని ఖర్చును మాత్రం ఆమె ఒక్కతే భరించాల్సి వస్తోంది. అందుకే చాలామంది హక్కు విడుదల పత్రం మీద సంతకం పెట్టి, పండక్కి ఒక చీర చాలనుకుంటారు. దాన్ని త్యాగమని పొగడటం నాకు ఇష్టం ఉండదు.

ముసలివాళ్ళ అర్జీల వెనక ఉన్నది 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం. ఆర్డీఓ అధ్యక్షతన ఉండే ట్రిబ్యునల్ నెలకు 10,000 రూపాయల వరకు భరణం ఇప్పించగలదు. చూసుకుంటామన్న షరతు మీద ఆస్తి రాయించుకుని చూడకపోతే, సెక్షన్ 23 కింద ఆ దస్తావేజును రద్దు చేయగలదు. ఆ షరతు ఉన్నట్టు చూపించాల్సిందేనని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. 2025 జనవరిలో మధ్యప్రదేశ్‌కు చెందిన ఒక తల్లి కేసులో మాత్రం, ఇది వృద్ధుల కోసం తెచ్చిన చట్టం కాబట్టి ఉదారంగా అర్థం చేసుకోవాలని అంది. గిఫ్ట్ సెటిల్‌మెంట్ రాసేటప్పుడు "ఇంట్లోవాళ్ళే కదా, షరతులెందుకు" అనుకునే పెద్దలకు ఈ రెండు తీర్పుల మధ్య తేడా చాలా పెద్దది.

మన ఉదాహరణలోని కేసు లోక్ అదాలత్‌కు వెళ్ళింది. అక్కడ రాజీ కుదిరితే ఆ అవార్డుకు కోర్టు డిక్రీ విలువ ఉంటుంది, అప్పీలు ఉండదు, కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది. చెల్లెలు భూమికి బదులు డబ్బుకు ఒప్పుకుంది. కేసు ముగిసిన నెలకే అన్నదమ్ములు మళ్ళీ మాటలు మానేశారు.

తెంచుకోవడమే మంచిదనేవారు, ఎప్పుడూ కూడదనేవారు

తెంచుకోమనేవారి వాదనలో బలం ఉంది. తాగొచ్చి కొట్టే తండ్రి, చిన్నప్పుడు చేయకూడనిది చేసిన బంధువు, కులాంతర పెళ్ళి చేసుకున్నందుకు చంపుతామన్న అన్నలు. ఇలాంటి చోట "ఎంతైనా రక్తసంబంధం" అనడం దెబ్బతిన్న మనిషిని మళ్ళీ దెబ్బకు దగ్గర చేయడమే. అక్కడ దూరం రక్షణ. ఆ దూరం పాటించే అమ్మాయిని బంధాలు తెలియనిదని నిందించే హక్కు ఎవరికీ లేదు.

కూడదనేవారి మాటలోనూ నిజం ఉంది. చనిపోయినవారి కోసం ఏడవడానికి పది రోజులు ఇస్తాం, పలకరించేవాళ్ళు వస్తారు. బతికి ఉండి మాట్లాడని కొడుకు కోసం ఏడ్చే తల్లికి అలాంటి ఏర్పాటేదీ లేదు. పాలీన్ బాస్ అనే అమెరికన్ పరిశోధకురాలు ఇలాంటి దుఃఖాన్ని తేలని నష్టం అన్నారు: మనిషి లేడని చెప్పలేం, ఉన్నాడని ఊరట పడలేం. తెంచుకున్నవాళ్ళకూ ఇది తప్పదు. రెండు పక్షాలూ తడబడేది ఎక్కడంటే, అన్ని ఎడాలనూ ఒకే గాటన కట్టడంలో. చిన్నాయన పాలేరుతో కార్డు పంపడం, తండ్రి బెల్టుతో కొట్టడం ఒకటి కావు. మొదటిదానికి రెండోదాని భాష వాడుతున్నారు కుర్రవాళ్ళు. రెండోదాన్ని మొదటిదానిలా సర్దుకోమంటున్నారు పెద్దలు.

గొలుసు ఆగిందని ఎప్పుడు అనవచ్చు?

రాజీ పడటం, గొలుసు ఆగడం వేరువేరు. రాజీకి గొడవపడిన ఇద్దరూ కావాలి. మళ్ళీ కలిసినవాళ్ళతో పిల్లెమర్ మాట్లాడినప్పుడు తరచూ తేలింది ఏమిటంటే, గతాన్ని తాము చూసినట్టే ఎదుటివాళ్ళూ చూసి తప్పు ఒప్పుకోవాలన్న పట్టును వాళ్ళు వదిలేశారు. ఎవరిది తప్పన్నది తేలలేదు, తేలకుండానే ముందుకు వెళ్ళారు. మన పెద్దమనుషుల పంచాయితీ సరిగ్గా దీనికి ఎదురు నడుస్తుంది. ముందు తప్పెవరిదో తేల్చి, ఆ మనిషితో తప్పయిందని అనిపించాలని చూస్తుంది. పొలం గట్టు తగాదాకు ఆ పద్ధతి పనికొస్తుంది, ముప్పై ఏళ్ళ నాటి అవమానానికి పనికిరాదు.

గొలుసు ఆగడానికి ఇద్దరూ అక్కర్లేదు. పెద్దవాళ్ళ కోపం పెద్దవాళ్ళ దగ్గరే ఉండిపోయి, కింది తరానికి ఆ నియమం వర్తించకపోతే చాలు. దానికి ఒక సాయం అవసరం: పిల్లలు అవతలి గుమ్మం తొక్కినా ఇవతలివాళ్ళ ప్రేమ తగ్గదని వాళ్ళకు స్పష్టంగా తెలియాలి. హింస వల్ల దూరమైన ఇళ్ళలో గుమ్మం తొక్కడం కుదరకపోవచ్చు. అక్కడ పిల్లలకు వయసుకు తగ్గట్టు నిజమైన కారణం చెప్పడమే ఆ పని చేస్తుంది. కారణం తెలిసిన పిల్ల జాగ్రత్త నేర్చుకుంటుంది, తెలియని పిల్ల భయం నేర్చుకుంటుంది.

మన ఉదాహరణలో, మజ్జిగ తాగిన పిల్లవాడికి ఇప్పుడు కూతురు. బెంగళూరులో ఉద్యోగం చేస్తోంది. ఒకే ఇంటిపేరు, ఒకే ఊరు చూసి, తమ్ముడి మనవడు ఆమెకు మెసేజ్ పెట్టాడు: "అక్కా, మీరు మా పెద్దతాత మనవరాలే కదా?" కొన్నాళ్ళు ఇద్దరూ ఇంట్లో చెప్పకుండా మాట్లాడుకున్నారు. చివరికి ఆమె తండ్రిని అడిగింది.

"నాయనా, వాడితో మాట్లాడుతున్నాను. నీకేమన్నా బాధా?"

"మీ నాయనమ్మకు చెప్పొద్దు" అన్నాడు ఆయన. ఒక రోజంతా ఆలోచించి, "లేదులే, నేనే చెబుతాను" అన్నాడు. ఆయన తల్లికి చెప్పిన రోజు ఇంట్లో గొడవైంది. రెండు పూటలు ఆమె అన్నం తినలేదు. ఆ తర్వాత తినింది.

పిల్ల పెళ్ళి కుదిరాక పిలుపులకు బయల్దేరి, ఆయన మేనత్త ఇంటికి, చిన్నాయన ఇంటికి తన భార్యతో వెళ్ళి బొట్టు పెట్టించాడు. మేనత్త వస్తానంది. చిన్నాయన మంచం మీద కూర్చునే, "పిల్లలొస్తారు. నేను రాను. మీ నాయనకు చెప్పు" అన్నాడు. "సరే చిన్నాయనా" అని ఈయన లేచాడు. బతిమాలలేదు, కోపం తెచ్చుకోలేదు. పెళ్ళికి ఆ ఇంటి నుంచి ఆరుగురు వచ్చారు. అన్నదమ్ములిద్దరికీ ఇప్పటికీ మాటల్లేవు.